పాలపిట్టకి ఫోకసు పెట్టిన రోజులు

ఓడలో పనిచేసే మా బాబాయి ఒకసారి సెలవుకి రాయపూర్ వచ్చి, నల్లటి కెమెరా ఒకటి, చెయ్యెడు పొడుగు లెన్సుతో సహా, మా నాన్న ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. "దీనికి ఫోకసు మనం తిప్పక్కర్లేదు అన్నయ్యా, అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఆదివారాలు నాశనమయ్యాయి.

నాన్న రైలు డ్రైవరు. అప్పటికి కాదు, అదే అసలు గొడవ. రిటైర్మెంటు ఇంకా దూరం ఉండగానే మెడికల్‌లో చూపు సరిగా లేదని తేల్చి, ఇంజన్ మీంచి దింపి, షెడ్డులో కుర్చీ బల్లా ఇచ్చారు. "నా కళ్ళకేటైంది? పక్కాగా ఉన్నాయి" అని నాన్న. "ఆ డాక్టరు కళ్ళు కాకులెత్తుకుపోను" అని అమ్మ. గుఢియారీలో మా ఇంటి వెనకే పట్టాలు. బండి కూసినప్పుడల్లా ఈ రెండు మాటలూ మళ్ళీ వినాల్సిందే.

కెమెరా చేతికి రాగానే నాన్న ఒక పంతం పట్టాడు. తిల్దా దగ్గర చెరువు పక్కన టెలిగ్రాఫ్ తీగల మీద పాలపిట్టలు కూర్చుంటాయి. ఇంజన్‌లోంచి ఏళ్ళ తరబడి చూశాడు. కూర్చున్నప్పుడు మట్టిముద్దలా ఉంటుంది, ఎగిరిందంటే రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. అలా ఎగిరే పిట్టని ఫోటో తీసి షెడ్డులో అందరి ముందూ బల్లమీద పడెయ్యాలి. చూపు లేనివాడు తీసే ఫోటోనా అది? అప్పుడేమంటారో చూద్దాం!

తోడు ఎవరు? ఇంకెవరు, నేనే. వారమంతా బళ్ళో పిల్లలతో అరిచి అరిచి, ఆదివారం కాస్త నడుం వాలుద్దామనుకునేదాన్ని. నాకసలే ముక్కుమీద కోపం. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కించి, తిల్దాలో దింపి, పొలం గట్ల మీద నడిపిస్తే ఎలా ఉంటుంది? వెనకాల పులిహోర డబ్బాతో అమ్మ. పండరీ బజార్లో కొన్న నారింజరంగు చీర కట్టుకొచ్చేది. "ఆ చీర చూసే పిట్టలు పారిపోతన్నాయి" అని నాన్న. "కొన్నది మీరే" అని అమ్మ.

కానీ పిట్టలు పారిపోయింది చీర వల్ల కాదు. ఇంజన్‌లో ఒక రూలుంది. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి, డ్రైవరు అంతే గట్టిగా తిరిగి చెప్పాలి. బతుకంతా అలా అరిచిన మనిషి కెమెరాకీ అదే రూలు పెట్టాడు. నేను "పిట్ట! తీగ మీద! కుడి!" అనాలి. "కుడి!" అని ఆయన కేక. కెమెరా ఫోకసు పట్టి కీచుమనగానే "లాక్!" అని నేను. "లాక్!" అని ఆయన. అంత రచ్చ జరిగాక ఏ పిట్ట కూర్చుంటుందండీ? మూడు ఊళ్ళ అవతలికి పోయేది. అప్పుడు నొక్కేవాడు.

ఫిల్ము రోలు కడిగించి తెస్తే ఒక్క పిట్ట లేదు. అన్నిట్లోనూ తీగ. ఎంత స్పష్టంగా ఉందంటే దాని మీద తుప్పు కూడా కనిపిస్తోంది. స్టూడియో అతను జాలిగా అడిగాడు: "దీదీ, బాబూజీ టెలిఫోన్ వాళ్ళా?" సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి కెమెరా పుస్తకం ముందేసుకున్నాను. నాన్న చదవనన్నాడు. "కాయితం మిగుల్తాదని అచ్చరాలు చీమతలకాయలంత ఏసినారు, ఫాల్తూ గాళ్ళు." సరే, నేనే చదివాను. తేలిందేమిటంటే, మనం పెట్టిన పద్ధతిలో కెమెరా ఒకసారి దేన్ని పట్టుకుంటే దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. తీగని పట్టుకుంది, తీగనే తీసింది. పాపం, దాని తప్పేముంది? పిట్టతో పాటు ఫోకసు కూడా పరిగెత్తాలంటే వేరే పద్ధతి ఉంది. ఫోకసుని ఫోటో నొక్కే బటన్ నుంచి తప్పించి, వెనక బొటనవేలి దగ్గరున్న బటన్‌కి ఇచ్చుకోవచ్చు కూడా. వేలు అదిమి ఉంచినంతసేపూ వెతుకుతూనే ఉంటుంది.

ఇది నాన్నకి తెగ నచ్చింది. "అదీ లెక్క! ఎప్పుడు చూడాలో నాను చెప్తాను, దానికి దాని పెత్తనమేటి?" అన్నాడు. కానీ కొత్త పద్ధతిలో కెమెరా కీచుమనడం మానేసింది. ఎంత అదిమినా ఉలుకూ పలుకూ లేదు.

"అలిగినాది ఇది."

"అలగడమేమిటి నాన్నా? పరిగెత్తేటప్పుడు కీచుమనదు, పుస్తకంలో రాశారు."

"మరి పట్టుకున్నాదో నేదో ఎలా తెలుస్తాది?"

"కళ్ళతో చూసుకో!" అని విసుక్కున్నాను.

"ఆ... చూస్తాన్లే" అన్నాడు.

ఇక చుక్కల గొడవ. కెమెరా లోపల ఫోకసు పట్టే చుక్కలు వరసగా ఉంటాయి. నడిమి చుక్క ఒక్కటే ఉంచమని మొదట్లో నా ప్రాణం తీశాడు. మళ్ళీ తిల్దా బయల్దేరే రోజు పొద్దున, చెప్పులేసుకుంటూ, "అన్ని చుక్కలూ ఎలిగించీ" అన్నాడు నెమ్మదిగా. పూటకో మాట ఈయనకి అని గొణుక్కుంటూనే మార్చిపెట్టాను.

ఆ రోజు తీగ మీద ఒక్కటే పాలపిట్ట. నాన్న కెమెరా ఎత్తాడు. రూలు ప్రకారం నేను మొదలుపెట్టాను. "పిట్ట! కుడి!" "కుడి!" మా అరుపుకి యథాప్రకారం లేచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని ఆదివారాలు, ఇంత ఎండ! రూలూ లేదు గీలూ లేదు, "ఎడమ నాన్నా! ఇంకా ఎడమ! పైకి! పైకి! కొట్టు!" అని చెరువంతా మారుమోగేలా కేకలు పెట్టాను. నాన్న గిర్రున తిరుగుతూ నొక్కుతూనే ఉన్నాడు. ఆ తిరగడంలో కాలు జారి బురదలో కూలబడ్డాడు, కెమెరా మాత్రం నెత్తిన ఎత్తిపట్టుకుని. అమ్మ నవ్వలేక గట్టుమీద చతికిలబడింది. పులిహోర సగం చెరువులో చేపలకి పోయింది.

స్టూడియో అతను ఈసారి ఫోటో చేతికిస్తూ ఏమీ అడగలేదు. "వాహ్" అన్నాడు. రెక్కలు రెండూ విచ్చుకుని, ఈక ఈకా తెలిసేలా పాలపిట్ట! ఆ నీలం చూసి నడిబజార్లో గంతేశాను. నాన్న గెలిచాడు. రిక్షా వాణ్ణి తొందరపెట్టి ఇంటికొచ్చి పడ్డాను.

అమ్మ ఫోటో లాక్కుని చూసి ఊగిపోయింది. "రేపే షెడ్డుకి పట్టుకెళ్ళండి. ఆ డాక్టరుకి కూడా ఒకటి ఫ్రేము కట్టించి పంపండి. గోడకి తగిలించుకుని రోజూ చూసుకుని ఏడవనీ!"

నాన్న ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నీలం బాగొచ్చినాదేటమ్మా?" అని నన్నడిగాడు.

"భలే వచ్చింది నాన్నా."

"నాకా రోజు పిట్ట కనపడ్నేదు" అన్నాడు. "తీగా కనపడ్నేదు. నువ్వు అరిసిన పక్కకి తిప్పి నొక్కీసినాను."

నాన్న ఫోటోని జాగ్రత్తగా కిటికీ గూట్లో పెట్టి, అమ్మ వైపు తిరిగాడు.

"ఆ డాక్టర్ని ఇంకెప్పుడూ తిట్టకే. నా ఎనకాల బండి నిండా జనముండీవోరు."