జిమ్ము, పిలాటిస్, మా వదిన గద్దె

ముందుగా ఖచ్చితంగా తెలిసినవి చెబుతాను. మా వదిన మార్కాపురంలో ముప్పై ఏళ్లకు పైగా చీరల దుకాణం నడిపింది. నేలమీద వేసిన పరుపుపై తెల్ల దుప్పటి పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు విప్పి చూపేది. ఆ పరుపునే మేమంతా గద్దె అనేవాళ్లం. మూడేళ్ల కిందట ఉగాది వెళ్లాక ఆమె ఆరు వారాలు జిమ్ముకూ, మరో ఆరు వారాలు పిలాటిస్ అనే నెమ్మది వ్యాయామాలకూ వెళ్లింది. వెంట వెళ్లినదాన్ని నేనే గనుక వీటికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇక విన్నవి: చెమట పడితే కొవ్వు కరిగినట్టేనని, పిలాటిస్ చేస్తే కండరాలు పొడవు సాగుతాయని, బరువులెత్తిన ఆడవాళ్లకు మగవాళ్ల భుజాలు వస్తాయని, నేలమీద కూర్చుంటే మోకాళ్లు అరిగిపోతాయని. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి మొదటి మూడింటినీ అప్పుడే పరిశీలించి అవతల పారేశాను. నాలుగోదాన్ని ముట్టుకోలేదు.

ఇవన్నీ ఇవాళ ఎందుకు గుర్తొచ్చాయంటే, పొద్దున పేపరు మడతలోంచి ఒక గులాబీరంగు కరపత్రం జారి నా కాఫీ పక్కన పడింది. 'స్త్రీల ఆరోగ్యానికి జిమ్మా? పిలాటిసా?' అని పెద్ద అక్షరాలు. కింద ఒక అమ్మాయి బొమ్మ. స్ప్రింగులు బిగించిన చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని, నడుమన్నదే లేకుండా, నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక కరపత్రాన్ని బోర్లించాను. కాఫీ సగంలో వదిలేశాను.

మా వదిన ఈ వ్యవహారంలో పడటానికి కారణం మా మేనల్లుడు, అంటే ఆమె కొడుకు. చీర కోసం గద్దె మీద నుంచి లేచినప్పుడల్లా వదిన మోకాలి మీద చెయ్యి ఆనించి చిన్నగా మూలిగేది. అది అతనికి నచ్చలేదు.

"అమ్మా, నువ్వు లేసేటప్పుడు అబ్బా అంటాండావు. గిరాకీ ముందర ఏం బాగుంటది? గద్దె తీసేసి గ్లాసు కౌంటరు పెడతా. నువ్వు ఇంటికాడ ఉండి టీవీ చూసుకో."

"నేను అబ్బా అంటే నీకు సిగ్గేందిరా? నిన్ను కన్నప్పుడు గూడా అబ్బా అనే కంటి" అంది వదిన.

అతను నవ్వలేదు. అప్పుడు ఆమే పందెం కట్టింది. శ్రావణ మాసం వచ్చేలోపల దేన్నీ పట్టుకోకుండా గద్దె మీద నుంచి లేచి నిలబడితే గద్దె ఉంటుంది. లేకపోతే కౌంటరు. అతను సరే అన్నాడు. మా అన్నయ్య చనిపోయిన ఏడాది, నలుగురూ మూల గదిలో కూర్చోబెట్టాలని చూస్తే, మా వదిన మూల గది వదిలేసి వచ్చి కూర్చున్న చోటు ఆ గద్దె. త్రిపురాంతకం, కొమరోలు నుంచి బస్సు దిగి వచ్చే ఆడవాళ్లు చెప్పులు బయట విడిచి, ఆ దుప్పటి మీదే కాళ్లు బారచాపుకుని, సద్ది విప్పుకుని తిని, అత్తగారి సంగతులన్నీ చెప్పుకుని, చివరికి రెండు చీరలు కొనుక్కుని పోయేవాళ్లు. కౌంటరు ముందు నిలబడి అలా ఎవరు చెప్పుకుంటారు?

ఆ పందెం కోసమే ముందు జిమ్ముకు వెళ్లాం. అది ఒకప్పటి రాతి పలకల గోదాము పై అంతస్తులో ఉండేది. మెట్ల మీద బూడిదరంగు పలకపొడి, ఆ పొడి మీద చెమట చుక్కల మచ్చలు. లోపల బల్లల మీది రెక్సిన్ చినిగి, స్పంజి నల్లబడి, ఎన్ని వీపుల చెమటను పీల్చుకుందో తెలియని ఒక జిడ్డు వాసన. దాని మీద మల్లెపూల సెంటు కొట్టేవారు. రెండూ కలిసిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. గోడ మీద 'చెమటంటే కొవ్వు కార్చే కన్నీరు' అని రాసి ఉంది. చెమట ఉప్పునీరు, అంతే. మా ఊళ్లో వైశాఖంలో మధ్యాహ్నం కరెంటు పోతే ఊరి కొవ్వంతా బోరున ఏడవాలి కదా. చూడి గేదెలకు పెట్టే తవుడులాంటి పొడిని పాలలో కలిపి తాగమన్నారు. వదిన ఒక గుక్క తాగి, "ఇది తాగితే ఈతకు వస్తామేమో అమ్మాయీ" అని నా చేతికిచ్చింది. నేను డబ్బా మీద ఏమి కలిపారో చదవబోతే, అక్షరాలు నా కళ్లద్దాలకు కూడా అందనంత చిన్నవి.

నన్ను అన్నిటికంటే రోత పుట్టించింది టేపు. ట్రైనరు మొదటి రోజు బొడ్డు మీదుగా నడుము కొలిచాడు. మూడో వారం బొడ్డుకు నాలుగు వేళ్లు పైన కొలిచి, "రెండంగుళాలు తగ్గింది ఆంటీ" అని చప్పట్లు కొట్టించాడు. నేను టేపు తీసుకుని మళ్లీ బొడ్డు మీద పెట్టాను. అంగుళం కూడా కదల్లేదు. "మేడం, ఇది మోటివేషన్ కోసం" అన్నాడు, ఏ మాత్రం తొట్రుపాటు లేకుండా. అబద్ధానికి ఇంత మర్యాదైన పేరు పెట్టుకున్నవాణ్ని నేను అంతకు ముందు చూడలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. క్రమంగా బరువు పెంచుతూ చేసే వ్యాయామం వయసు మీరిన ఆడవాళ్ల ఎముకకూ, కండరానికీ మేలు చేస్తుంది. అందులో నాకు సందేహం లేదు. కానీ అక్కడ ఆడవాళ్లను ఆ బరువుల దాపుకు రానివ్వలేదు. నడిచే బెల్టు మీద అరగంట, ఆపైన గులాబీరంగు పూసిన చిట్టి డంబెల్సు. మా వదిన రోజూ ఎత్తి దించే చీరల మూట వాటికి పది రెట్లు ఉంటుంది.

ఆరు వారాలయ్యాక పిలాటిస్. అద్దాల గది, అగరుబత్తి, ప్లాస్టిక్ పూలు, స్పీకరులో జలపాతం చప్పుడు. మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు కూడా రాని ఊళ్లో ఆ జలపాతం వింటుంటే నాకు ఒళ్లు మండేది. నేర్పే అమ్మాయి ఫోనులో చూసి నేర్చుకుని, ఫోనులోనే పరీక్ష రాసి, సర్టిఫికెట్టుకు బంగారురంగు చట్రం కట్టించింది. కండరాలు పొడవు సాగుతాయని ఆమె చెప్పినప్పుడు, రెండు చివరలా ఎముకకు అతుక్కున్న కండరం ఎటు పొడవు సాగుతుందని అడిగాను. ఆమె కళ్లు మూసుకుని, "ముందు ఊపిరి వదలండి మేడం" అంది. ఇక్కడా న్యాయంగా చెప్పాలి. ఊపిరికి తగ్గట్టు నెమ్మదిగా నడుము కదిలించడం వల్ల తన వెన్నునొప్పి కొంచెం తగ్గిందని వదినే చెప్పింది. నీటిలో ఇంత సున్నం, ఎముకలను బిగించే ఫ్లోరైడు ఉన్న మా పడమటి ప్రాంతంలో, ఏ ఊరి బోరునీళ్లు తాగి పెరిగావమ్మా అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నేనే డాక్టరు దగ్గర ఎక్సరే తీయించాను. ఎముక బిగుసుకుపోలేదన్నాడు.

ఏదీ మొదలుపెట్టకముందే రెండు చోట్లా వాకబు చేశాం. ట్రైనరు పిలాటిస్‌ను పడుకుని కాళ్లూపడమన్నాడు. ఆ అమ్మాయి జిమ్మును మగరాయుళ్లను తయారుచేసే కొలిమి అంది. ఒకరి మాట ఒకరికి గిట్టదు. అలాంటివాళ్లు ఒకే ఒక్క విషయంలో ఏకమయ్యారు: నేలమీద కూర్చోవద్దు, మోకాళ్లు అరుగుతాయి. పడని ఇద్దరూ ఒకే మాట చెప్పారు గనుక అది నిజమై ఉంటుందనుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలను 'ఆధారమేది?' అని అడిగిన నోటితోనే, "వదినా, కొన్నాళ్లు కుర్చీలో కూర్చో" అన్నాను.

వదిన గద్దె పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంది. కోడలు గద్దె మీద కూర్చుని, లేచి, చీరలు దించి, చూపించింది. పొద్దున వ్యాయామం చేసి వచ్చాను గనుక ఇక దుకాణంలో ఒళ్లు అలవనక్కర్లేదని వదిన కూడా హాయిగా నమ్మింది. డబ్బిచ్చి చేసిందే వ్యాయామమని మా అందరి లెక్క. పన్నెండు వారాలు అలాగే గడిచాయి.

ఆషాఢం చివరి శుక్రవారం, దుకాణం తెరిచి దీపం పెట్టాక, గిరాకీ రాకముందే, మేనల్లుడు, కోడలు, నేను చూస్తుండగా వదిన గద్దె మీద కూర్చుంది. కూర్చోవడమే కష్టమైంది. తర్వాత ముందుకు వంగింది. పిలాటిస్ అమ్మాయి చెప్పినట్టు పొట్ట లోపలికి పీల్చింది, ఊపిరి వదిలింది. మడమలు దుప్పటిని ఒరుసుకుంటూ జారాయి. ఒక చెయ్యి మోకాలి మీదికి వచ్చింది. అది చాలలేదు. రెండో చేత్తో చీరల బీరువా అంచు పట్టుకుంది. ఉగాదికి మోకాలొక్కటే ఆసరా. మేనల్లుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"చూడరా, పక్కకెందుకు తిప్పుకుంటావు? నువ్వే గెలిచినావు" అంది వదిన, నిలబడ్డాక, ఎగపోసుకుంటూ. తర్వాత నా వైపు తిరిగింది. "పొద్దుటినుంచి మాపటిదాక ఈడ నుంచి ఎన్ని సార్లు లేసేదాన్నో నువ్వెప్పుడన్నా లెక్కేసినావా అమ్మాయీ? అరవైకి తక్కువుండదు. అది మానిపిచ్చి, ఆడ ఆరు సార్లు లేపిచ్చినారు. నువ్వు గూడా సదువుకున్నదానివే గదా."

నేను లెక్కేయలేదు. నడుము కొలతలు, బరువులు, నిమిషాలు అన్నీ నేను రాసుకున్న నోట్‌బుక్కులో ఆ ఒక్క గడి లేదు. ఆ పన్నెండు వారాలూ ఇతరుల అబద్ధాలను పట్టుకునే ఉత్సాహంలో ఉన్నాను. వాళ్లను చూసి పుట్టిన రోత ఆ పూట నా మీదికే తిరిగింది.

"అత్తా, నువ్వన్నా చెప్పు, అమ్మను నేనేం ఎల్లగొట్టటం లేదు" అన్నాడు మేనల్లుడు. నేను చెదిరిన దుప్పటి సరిచేశాను. శ్రావణం మొదటి వారంలో గద్దె లేచిపోయింది. గ్లాసు కౌంటరు వచ్చింది. టీవీ ముందు కూర్చోవడానికి మాత్రం వదిన ఒప్పుకోలేదు. కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు నిలబడే చీర ఎంచుకుని, బస్సు వేళ చూసుకుని, తొందరగా వెళ్లిపోతారు. ఇంట్లో ఆమె మళ్లీ నేలమీద కూర్చుని లేవడం మొదలుపెట్టింది. ఇప్పటికి బీరువా అంచు వదిలి, మోకాలి మీద చెయ్యి ఆనిస్తే చాలన్నదాకా వచ్చింది.

ఒక్క ప్రశ్న మాత్రం తేలలేదు. ఆ వేసవి ఎక్కడికీ వెళ్లకుండా ఆమె గద్దె మీదే రోజుకు అరవై సార్లు కూర్చుని లేచి ఉంటే ఆ శుక్రవారం గెలిచేదా, లేక అప్పటికే అరవై మూడు నిండిన మోకాళ్లు ఎలాగైనా ఓడిపోయేవా? దీన్ని తేల్చాలంటే అదే వయసులో, అదే ఒంటితో, అదే వేసవిని మరోలా గడిపిన ఇంకో వదిన కావాలి. ప్రయోగశాలలో పోల్చి చూడటానికి రెండో గుంపును పెట్టుకుంటాం. కాలం ఎవరికీ ఆ వెసులుబాటు ఇవ్వదు. ఒక్కొక్కరి మీద ఒక్కసారే ప్రయోగం చేసి, ఫలితం చేతిలో పెట్టి, కారణం చెప్పకుండా ముందుకు పోతుంది.