ఎక్కని టీకా

చోడవరంలో మా వీధి పిల్లలందరి జబ్బ మీదా శనగబద్దంత మచ్చ ఉండేది. నాకు తప్ప. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మూడుసార్లు మశూచి టీకా పొడిచినా నా చెయ్యి నున్నగా అలాగే ఉంది.

టీకాలాయన సైకిల్ మీద వచ్చేవాడు. సూది చర్మం మీద ఆనించి గిరుక్కున తిప్పేవాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చి పొంగిందో లేదో చూసేవాడు. అదే సూదీ అదే మందూ నా వెనకాల నిలబడ్డ తమ్ముడికి జ్వరం తెప్పించాయి. ఇల్లంతా వాడి చుట్టూ తిరిగింది. నాకు దోమ కుట్టినపాటి గుర్తయినా లేదు. భలే అవమానంగా ఉండేది.

ఆయన అనుమానమంతా మా అమ్మ మీదే. మా వైపు ఆడవాళ్ళు ఆయన సైకిల్ వీధి మలుపు తిరగ్గానే పసుపునీళ్ళతో మందు కడిగేసేవాళ్ళు మరి.

"ఏటమ్మా, మళ్ళీ కడిగీసినారా?"

"లేదు బాబూ, నా పిల్ల మీద ఒట్టు. రెండ్రోజులు తానం కూడా సేయించలేదు."

అది నిజం. ఆ రెండ్రోజులూ నా పక్కన కూర్చోలేక తమ్ముడు కంచం పట్టుకుని అరుగు మీదకి వెళ్ళిపోయాడు.

చివరికి నాయనమ్మ తీర్పు చెప్పింది. "ఈ గుంటని అమ్మోరు తన పిల్లనుకుంది. ఇంక దీనికి టీకా ఏటి సేస్తాది?" ఆవిడ మాట మీద మా ఇంట్లో అప్పీలు లేదు. నాన్న కూడా తలూపేసి చెరకు తోటకి వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలో ఎదురింటి కొత్తకోడలికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. లోపలికి మజ్జిగ ఎవరు పట్టుకెళ్ళాలి? ఇంకెవరు, అమ్మవారి పిల్లని నేనున్నానుగా!

అమ్మ అడ్డుపడింది. "దానికి టీకా ఎక్కలేదత్తా, పంపకండి."

"ఎక్కలేదు కాబట్టే పంపుతన్నాను" అంది నాయనమ్మ.

నాకా పదవి తెగ నచ్చింది. చెంబుతో వీధి దాటుతుంటే నాకన్నా పెద్ద పిల్లలు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. కొత్తకోడలికి వేపమండతో విసురుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేదాన్ని. తిరిగి రాగానే అమ్మ నన్ను పెరట్లో ఎండలోకి లాక్కెళ్ళి నుదురూ, మెడా, అరచేతులూ వెతికేది. మురికి చూస్తోందనుకుని విసుక్కునేదాన్ని.

కొత్తకోడలు మొహం నిండా మచ్చలతో బతికి బయటపడింది. నాకేమీ రాలేదు. ఆ ఏడాదంతా నాయనమ్మ, లేని మీసం మెలేసుకుంటూ తిరిగింది.

చాలా ఏళ్ళ తర్వాత విశాఖపట్నంలో ఒక డాక్టరుకి ఈ కథ గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. "కొందరి ఒళ్ళు టీకాకి స్పందించదమ్మా. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. టీకా ఎక్కలేదంటే మీకు ఏ రక్షణా లేదని. ఆ ఇంట్లోంచి మీరు బతికి రావడం ఒట్టి అదృష్టం" అన్నాడు. నా గొప్పంతా అక్కడికక్కడే దిగిపోయింది.

ఆ ఆదివారమే ఊరెళ్ళి అమ్మకి చెప్పాను. గుండె బాదుకుంటుందనుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది, చెయ్యి ఆగలేదు.

"నాకప్పుడే తెలుసునే" అంది. "నువ్వా గుమ్మంలోకెల్లినప్పుడల్లా, ఇంక నా పిల్ల నాకు లేదనుకునీదాన్ని. ఎవులికి సెప్పుకోను?"