గోరువంక దగ్గు

ముందే చెప్పేస్తున్నాను, నేను చీమ కథ మొదలుపెడితే ముగిసేసరికి అది ఏనుగవుతుంది. కాబట్టి మా గోరువంక దగ్గుకు బంగారుపేట స్టేషన్లో రైలు ఉలిక్కిపడి ఆగిందని నేనంటే, మీరు సగానికి సగం తగ్గించుకుని వినండి. దగ్గిన మాట మాత్రం నిజం.

కేజీఎఫ్‌లో మావి గని కార్మికుల కోసం కట్టిన పాత లైన్ ఇళ్ళు. రెండిళ్ళకూ ఒకే గోడ. పక్కింట్లో మిరపకాయలు వేయిస్తే ముందుగా తుమ్మేది మేమే. ఆ ఇంటి పెద్దాయన గనిలో పనిచేసి, బంగారమంతా ఇంకెవరికో ఇచ్చి, రాతిదుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లో తెచ్చుకున్న మనిషి. ఆయన దగ్గు నాకు వినోదం. సాయంత్రం మిత్రులు మా వరండాలో చేరితే టీతోపాటు ఆ దగ్గునూ అనుకరించి వడ్డించేవాణ్ణి. మొదట గరగర, తర్వాత బండరాయిని తొలిచే మిషను, చివర్లో ఒక ఈల. ఈల నా సొంత కల్పన. ఆయన నాకు వినిపిస్తాడు గానీ నేను ఆయనకు వినిపించనని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

గూటిలోంచి జారిపడ్డ గోరువంక పిల్లను ఆ రోజుల్లోనే పెంచాం. పంజరం లేదు, వరండా దూలమే దాని ఇల్లు. పక్షులకు స్వరం గొంతులో పుట్టదట. ఇంకా కిందికి, ఊపిరి గొట్టం రెండుగా చీలే చోట పుడుతుందట. తన గుంపు లేని పిల్ల, చుట్టూ ఉన్నవాళ్ళనే గుంపనుకుని, ఏ శబ్దానికి వాళ్ళు తనవైపు తిరుగుతారో దాన్నే పట్టుకుంటుందట. మాది దగ్గును పట్టుకుంది. పెద్దాయన దగ్గర నేర్చిందని బజారంతా చాటాను.

నిరుడు పెద్దాయన పోయాడు. ఒక ఆదివారం ఆయన భార్య చర్చి నుంచి నేరుగా మా వరండాకు వచ్చి కూర్చుంది.

“అప్పా, మీ పక్షికి మా ఆయన దగ్గు వస్తాదంట గదా. ఒకసారి విని పోదామని వచ్చినాను. ఇంట్లో ఏ సద్దూ లేదు ఇంగ.”

నోరు మూసుకో తల్లీ అని దూలం వైపు చూసి మొక్కుకున్నాను. మనిషి కనబడితే అది ఊరుకుంటుందా? గరగరలాడింది, మిషను తిప్పింది, ఈల వేసింది. ఆ వెంటనే నవ్వింది. మా మిత్రబృందం నవ్వు, పొట్టలు పట్టుకునే నవ్వు, అచ్చం అలాగే. అంతకుముందు దానితోపాటు మేమందరం నవ్వుతుండేవాళ్ళం కాబట్టి దాని నవ్వు నాకెప్పుడూ విడిగా వినబడలేదు.

ఆమె దూలం మీంచి చూపు నావైపు తిప్పింది.

“ఇది ఆయనది కాదప్పా, నీది. గోడకవతల మేమూ వింటా ఉంటిమి గదా. అప్పట్నించీ ఆయన తువాలు నోట్లో కుక్కుకోని దగ్గుతా ఉండె.”

అప్పుడామె నవ్వి, పక్షి ఏం చేస్తుందిలే అని, మా ఇంట్లో టీ తాగి వెళ్ళింది.

ఇందులో నేను కల్పించింది ఏదంటారా? రైలు సంగతి మీకు తెలిసిందే. ఇంకొకటి ఉంది. ఆమె నవ్వలేదు. టీ తాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, గోడకవతలికి వెళ్ళిపోయింది.