బోరు లారీ మీద ఎగిరే మనిషి

ఆ రోజుల్లో టీవీలో బతికున్న మనుషుల కన్నా దయ్యాలకే ఎక్కువ గిరాకీ ఉండేది. అన్నాల వేళకు ఏ చానల్ పెట్టినా ఒక పాడుబడ్డ బంగళా, ఒక మూతలేని బావి, వాటి ముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడే ఒక కుర్రాడు కనిపించేవాడు. జనం అవన్నీ నమ్మేవాళ్లా అంటే, నమ్మకం సంగతి పక్కనపెట్టి చూసేవాళ్లు. డిగ్రీ ఎలాగో గట్టెక్కిన నేను హైదరాబాదులో ఒక చానల్లో చేరింది సరిగ్గా ఆ కాలంలోనే. ఉద్యోగం పేరు రిపోర్టర్. చేసే పని మైకు వైరు చుట్టడం, టీ చెప్పడం, చెప్పిన టీ రాకపోతే వెళ్లి తేవడం. (ఇంట్లో ఉద్యోగం పేరు వరకే చెప్పాను.)

కళ్యాణదుర్గంలో మాది గుడ్డలంగడి. ధర్మవరం పట్టుచీరల నుంచి దిండు గలేబుల దాకా అన్నీ దొరికేవి. కొడుకనేవాడు పుట్టేది అంగట్లో తన పక్కన కూర్చోవడానికే అని మా నాయన గట్టి అభిప్రాయం. అయినా టీవీ ఉద్యోగం అన్నప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. కొన్నాళ్లు చూశాడు. అంటే, నిజంగానే టీవీ ముందు కూర్చుని చూశాడు. ఒకసారి నేను ఇంటికి వెళ్లినప్పుడు చేతిలోని గజంబద్ద కింద పెట్టి, "ఏమప్పా, టీవీలో పని అంటివి. మేము దినామూ చూస్తానే ఉండాము. నువ్వు యాడా కనపడవు. ఈడ అందురూ అడగతాండారు, ఏం చెప్పల్ల నేను?" అన్నాడు. నేను నసిగాను. "దీపావళి లోపల నీ మొకం టీవీలో కనపడల్ల. కనపడితే నీ దోవ నీది. లేకుంటే వచ్చి అంగట్లో కూచో" అని తేల్చేసి మళ్లీ గజంబద్ద అందుకున్నాడు. అమ్మ లోపలి నుంచి, "పక్కనుంచి కనపడినా సాల్లే" అని నా తరఫున కొంచెం బేరం చేసింది గానీ ఆయన దిగలేదు.

అలాంటి సమయంలో కంబదూరు వైపు కొండల మీద మనిషి ఎగురుతున్నాడని వార్త వచ్చింది. సాయంత్రం పూట, పొద్దు వాలే వేళకు, చేతులు చాపుకుని కొండ మీది నుంచి ఇవతలికి వచ్చి, మెల్లగా అవతలికి వెళ్లిపోయాడట. షేర్ ఆటోలో పోతున్నవాళ్లు చూశారు, మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ చూసింది. మా చానల్లో దయ్యాల కార్యక్రమం నడిపే పెద్దకు ఇంతకన్నా ఏం కావాలి? ఆయన్ని మేము మిస్టరీ సార్ అనేవాళ్లం. హోటల్లో ఇడ్లీ చెప్పినా గొంతు తగ్గించి, మధ్యలో ఒక్క క్షణం ఆగి, "రెండు... ఇడ్లీ" అనేవాడు. తెచ్చేవాడికి ఒళ్లు జలదరించేది. ఆయన నన్ను పిలిచి, "నువ్వు ఆ వైపు వాడివేగా. భాష తెలుసు. నువ్వూ వస్తున్నావు. అక్కడ కెమెరా ముందు నువ్వే మాట్లాడు" అన్నాడు. ఆ రోజు టీలు ఎవరు తెచ్చారో నాకు గుర్తు లేదు.

ఆషాఢం గాలి మా వైపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొండల మీద గాలిమరలు పూనకం వచ్చినట్టు తిరుగుతున్నాయి. కింద అప్పుడే మొలిచిన సెనక్కాయ చేలు, ఎర్రమట్టి, కళ్లలో దుమ్ము. మేకల అవ్వ దొరకడం కష్టం కాలేదు, ఎందుకంటే ఆమె రోజూ అక్కడే ఉంటుంది. మిస్టరీ సార్ ఆమెను ఒక బండ మీద కూర్చోబెట్టి, కెమెరా అన్నకు సైగ చేసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ భయంకరమైన ఆకారాన్ని చూడగానే మీరు వణికిపోయారా?"

"భయంకరమని ఎవురు చెప్పినారప్పా? మనిషి మాదిరే ఉండాడు. చేతులు సాపుకొని అట్లా పోయినాడు."

"మీరు గట్టిగా కేక వేశారు కదా?"

"ఏసినా. మేకలు పక్క సేన్లో పడినాయి, వాట్ల మింద కేక ఏసినా."

"దాని కళ్లు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయా?"

"కండ్లు కనపడేంత దగ్గరికొస్తే నేనే పలకరిచ్చేదాన్ని గదా. యా ఊరప్పా నీది అని అడిగేదాన్ని."

మిస్టరీ సార్ కెమెరా ఆపించి, ఈమెను ఎడిటింగులో చూసుకుందాం అన్నాడు. తర్వాత నా వంతు. జేబులోని దువ్వెన తీసి గాలికి ఎదురుగా కొంతసేపు పోరాడి, ఓడిపోయి, ఆ చింపిరి తలతోనే మైకు పట్టుకుని నిలబడ్డాను. "ఈ నిశ్శబ్దపు కొండల మధ్య..." అని మొదలుపెట్టాను. (గాలిమరల హోరులో నా మాట నాకే వినబడలేదు.) నాలుగైదుసార్లు తడబడ్డాక ఒకసారి బాగా కుదిరింది. కెమెరా అన్న బొటనవేలు పైకెత్తి చూపించాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, ఆదివారం సాయంత్రం నా మొహం టీవీలో వస్తుందని చెప్పాను. "సరే, అంగడి తొందరగా మూస్తాలే" అన్నాడు నాయన. మా నాయన పండక్కి కూడా అంగడి తొందరగా మూసే మనిషి కాదు.

ఇక మిగిలింది ఎగిరే మనిషి. అతను మా కోసం మళ్లీ రాడు కాబట్టి మేమే ఒకణ్ణి ఎగరేసి తీయాలి. అందుకు మాట్లాడుకున్న ఫైటరు తన మరదలి పెళ్లి అని చెప్పి రాలేదు. మిస్టరీ సార్ నన్ను దర్జీ చూసినట్టు కింది నుంచి పైకి చూశాడు. "నువ్వు పొడుగ్గా ఉన్నావు. సన్నగా ఉన్నావు. ముఖం ఎలాగూ కప్పేస్తాం" అన్నాడు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు గానీ, నా ముఖం అప్పటికే కెమెరాలో భద్రంగా ఉందన్న ధైర్యంతో ఒప్పుకున్నాను. అనంతపురంలో కొన్న నల్లగుడ్డను గొడుగు కమ్మీలకు కుట్టి రెక్కలు చేశారు. తలకు నల్ల ముసుగు. చొక్కా లోపల నడుముకూ భుజాలకూ బెల్టులు. చెప్పులు తీసేయమన్నారు, దయ్యాలకు చెప్పులుండవట. పైకెత్తడానికి క్రేన్ దొరకలేదు. మా వైపు క్రేన్లు అరుదు గానీ బోర్లు వేసే లారీలకు ఏం కొదవ? పక్క ఊళ్లో బోరు వేసి, నీళ్లు పడక, ఊరికే నిలబడి ఉన్న లారీని పిలుచుకొచ్చారు. దాని నిట్రాట లాంటి ఇనుప స్తంభం పైకి లేపి, తాడు వేసి, నన్ను కట్టారు. లారీ డ్రైవరు తమిళనాడు మనిషి. అతనికి మా సార్ ఏం చెప్పాడో, అతనికేం అర్థమైందో గానీ, నన్ను పైకెత్తే ముందు దణ్ణం పెట్టుకున్నాడు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడుసార్లు చాలా బాగుంది. మిద్దె కన్నా ఎత్తుకు లేచాక గాలి రెక్కల్లో దూరి నన్ను అటూ ఇటూ ఊపుతుంటే నేను పుట్టి పెరిగిన నేల నాకే కొత్తగా కనిపించింది. ఎర్రటి చేలలో పచ్చటి సాళ్లు దువ్వినట్టు ఉన్నాయి. దూరంగా కళ్యాణదుర్గం బస్సు దుమ్ములో పాకుతోంది. కింద కెమెరా అన్న, "చేతులు చాపు, ఇంకా చాపు" అని అరుస్తున్నాడు. అంతలో ఒక రెక్క చిరిగింది. ఆ వెంటనే లారీ ఇంజను దగ్గి ఆగిపోయింది. డీజిలు అయిపోయింది. ఇంజను లేకపోతే తాడు దిగదట. డ్రైవరు, కెమెరా అన్న కలిసి మా వ్యానులో డీజిలుకు కంబదూరు వెళ్లారు. ఆఫీసుకు ఫోన్ చేయాలని సిగ్నల్ వెతుక్కుంటూ మిస్టరీ సార్ కొండ వెనక్కి వెళ్లాడు. వెళుతూ తల పైకెత్తి, "కంగారు పడకు" అన్నాడు. నేను గాలికి గుండ్రంగా తిరుగుతూ, ఆయన ఒకసారి కనపడి ఒకసారి కనపడకుండా దూరమవడం చూశాను.

పొద్దు వాలుతోంది. నాలో రకరకాల ఆలోచనలు తిరుగుతుండగా కింద మేకల గజ్జెలు వినిపించాయి. అవ్వ వచ్చి లారీని చూసింది, స్తంభాన్ని చూసింది, చివరికి నన్ను చూసింది.

"బోరు ఏస్తాండారా?" అంది.

"లేదవ్వా. నేను టీవీ వాణ్ణి. పొద్దున వచ్చినాను కదా."

"మైకు పట్టుకున్న పిల్లోడివా? పైకెందుకు పోయినావు?"

"నువ్వు చూసిన మనిషి ఎట్ల ఎగిరినాడో చూపించడానికవ్వా."

ఆమె తల ఒక పక్కకు వంచి, కొంతసేపు శ్రద్ధగా పరిశీలించింది. "ఇట్ల లేదప్పా. ఆయప్ప ఏలాడలేదు. పోయినాడు" అంది. నాకు బాధ కలిగింది. అంత కష్టపడి వేలాడుతున్నవాడికి అలాంటి మాట వినాలని ఉండదు. తర్వాత ఆమె నా ఊరు అడిగింది, మా అంగడి ఎక్కడో అడిగింది. చెప్పగానే గొంతు మారిపోయింది. "ఆ అంగడాయన కొడుకువా? మా కూతురి పెండ్లికి చీర ఆడ్నే తీసినాము. మంచి మనిషి, నాసిరకంది తీసుకోవద్దని ఆయప్పే చెప్పినాడు" అంటూ బండ మీద కూర్చుంది. దిగే దాకా నాకు తోడుంటానని ఆమె నోటితో అనలేదు గానీ కూర్చుంది. కాసేపయ్యాక, "అంత ఎత్తున ఉండావు గదా, ఊరికే ఉండకుండా నా నల్లమేక యాడుండాదో రవ్వంత చూడు. పొద్దున్నుంచి కనపడలేదు" అంది.

నేను మెల్లగా తిరుగుతూ దిక్కులన్నీ వెతికాను. వంక అవతల తుమ్మ చెట్ల మధ్య నల్లగా ఏదో కదిలింది. "వంక దాటి, పెద్ద తుమ్మ చెట్టు కింద ఉంది అవ్వా" అన్నాను. ఆమె వెళ్లి, మేకను చెవి పట్టుకుని తీసుకొచ్చి, మళ్లీ నా కింద కూర్చుంది. ఆ వారమంతా మా చానల్ చేసిన పరిశోధనలో కచ్చితంగా ఏదైనా కనిపెట్టింది అదొక్కటే. డీజిలు వచ్చి నన్ను దించాక, నా కాళ్లు నిలవక అక్కడే కూలబడితే, అవ్వ తన చెంబులో నీళ్లు ఇచ్చి, "రెండో తూరి పోయేటప్పుడు తిని పో" అంది.

ఆదివారం సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. నాయన నిజంగానే అంగడి తొందరగా మూసి, ఇంట్లోని టీవీని అంగట్లోకి తెప్పించి, బజారులోని తోటి వ్యాపారులందరినీ పిలిచాడు. అమ్మ ఉగ్గాని, బజ్జీలు చేసింది. పక్క పాత్రలంగడి మామ ముందు వరుసలో చాప మీద సర్దుకు కూర్చున్నాడు. కార్యక్రమం మొదలైంది. పెద్ద పెద్ద శబ్దాలు. స్టూడియోలో సూటు వేసుకున్న ఒకాయన, "ఈ నిశ్శబ్దపు కొండల మధ్య..." అన్నాడు. అది నా మాట. నా మాటలన్నీ ఆయనే చెప్పేస్తున్నాడు. తర్వాత అవ్వ వచ్చింది, ఆమె ముందు ఒక చెయ్యి, చెయ్యిలో మైకు. అంతే.

"ఏం బావా, చెయ్యి మాత్రమే కనపడె" అన్నాడు పాత్రలంగడి మామ.

"చెయ్యి మావోనిదే" అన్నాడు నాయన, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా.

నేను తల వంచుకున్నాను. దీపావళి నుంచి నేను కూర్చోబోయే దిండు నా పక్కనే ఉంది. అప్పుడు డప్పులు మోగాయి, తెర మీద నల్లటి ఆకారం రెక్కలు చాపి లేచింది. ఒకసారి మామూలుగా, ఒకసారి మెల్లగా, ఒకసారి చుట్టూ ఎర్రటి సున్నా గీసి. జనం బజ్జీలు చేతిలో పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నారు. "నిజంగానే ఉండాదప్పో" అన్నారు ఎవరో. వెనక నిలబడ్డ అమ్మ చాలా మామూలుగా, "అది మనోడు" అంది.

"ఎట్ల చెప్తావు, మొకమే లేదు గదా" అన్నాడు నాయన.

"కాళ్లు చూడు. భయమైతే బొటనవేళ్లు పైకి ముడుచుకుంటాడు. పసిపిల్లోడప్పుడు తలమింద నీళ్లు పోసినా అంతే."

తెర మీద మళ్లీ మెల్లగా ఎగిరే దృశ్యం వచ్చింది. ఈసారి అంగడి అంగడంతా ముందుకు వంగి దయ్యం బొటనవేళ్లను చూసింది. అవి ఆకాశానికేసి నిటారుగా ముడుచుకుని ఉన్నాయి. మొదట పాత్రలంగడి మామ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు.

"ఈ గుడ్డ యాడ తీసినారు?" అని అడిగాడు.

"అనంతపురంలో నాయనా."

"పోగు చూడు, జల్లెడ మాదిరి ఉండాది. గాలికి రెక్క సినిగిపోయింది, కనపడ్లా? ఇట్లాంటి గుడ్డ కట్టి మనిషిని పైకెత్తుతారా ఎవరైనా?"

గుడ్డ నన్ను మోయలేదని, బెల్టు మోసిందని చెప్పబోయాను. ఆయన వినలేదు. పై అరలోంచి నల్లటి మందపాటి గుడ్డ తాను దించి, గజంబద్దతో కొలిచి, పర్రున చింపి, మడతపెట్టి నా ఒళ్లో వేశాడు. "మళ్లా ఎగిరేటప్పుడు ఇది కట్టుకో. అంచుకు రెండు కుట్లు ఎక్కువ ఏయించమని మీ సార్‌కు చెప్పు" అన్నాడు. దీపావళి మాట ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేను కూడా గుర్తు చేయలేదు.

ఇప్పుడు నేను అదే వృత్తిలో ఉన్నాను గానీ, గదిలో కూర్చుని ఇతరులను పంపేవాణ్ణి. నన్ను లేపాలంటే ఏ బోరు లారీ అయినా రెండుసార్లు ఆలోచిస్తుంది. కొండ మీద ఆ వేళ నిజంగా ఎగిరిందెవరో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. మొన్న మా బంధువుల ఫోన్ గ్రూపులో ఎవరో ఒక పాత వీడియో పెట్టారు. 'అసలైన దృశ్యం, తప్పక చూడండి' అని కింద రాసి ఉంది. నల్లటి రెక్కలతో ఒక బక్కపలచని ఆకారం పొద్దు వాలే ఆకాశంలో ఊగుతోంది. అది రాబందని ఒకరు, కాదు వేరే గ్రహం మనిషని ఒకరు, తెల్లవారుజాము దాకా వాదించుకున్నారు. అది నేనేనని టైపు చేశాను. పంపబోయి, ఆ వీడియోను ఇంకోసారి చూశాను. ఎంత తేలిగ్గా ఉన్నాడు ఆ కుర్రాడు. టైపు చేసింది చెరిపేసి, వాణ్ణి అలాగే ఎగరనిచ్చాను.