ఎవరూ చూడని రోజున

పశువుల ఆసుపత్రి కాంపౌండరును అందరూ "రెండు నిమిషాలాయన" అనేవారు. దూడలకు కొమ్ములు పెరగకుండా అవి మొలిచే చోట కాల్చాలన్నా, గిట్టలో చీము తీయాలన్నా ఆయన చెయ్యి పడితే రెండు నిమిషాల్లో అయిపోయేది. దూడ అరుపు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. "అంత గొంతుందంటే గట్టి పిండమే" అని ఆయన నవ్వితే, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వేవారు. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి.

ఆ ఏడాది ఆసుపత్రికీ, విదేశంలోని ఒక పశువైద్య కళాశాలకూ ఒప్పందం కుదిరింది. అక్కణ్ణుంచి ఒక డాక్టరమ్మ వచ్చి నెల రోజులుంది. దూడ కంటికీ కొమ్ముకీ మధ్య నొప్పి తెలియకుండా మొద్దుబార్చే ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో ఆయన చెయ్యి పట్టుకుని మరీ నేర్పింది. ఇచ్చాక పది నిమిషాలు ఆగాలి. సూదితో గుచ్చి చూసి, దూడ ఉలిక్కిపడకపోతేనే కాల్చిన ఇనుము తాకించాలి. మొదటి దూడ తోక ఊపుకుంటూ నిలబడి ఉండగానే పని పూర్తయ్యేసరికి ఆయన వంగి దాని మొహంలోకి చూశాడు. వెళ్లేముందు ఆమె రెండు పెట్టెల మందు అప్పగించి, ఎన్ని దూడలకు వాడారో నెలనెలా రాసి పంపమంది.

రెండు వారాలు బుద్ధిగా వాడాడు. ఒక సోమవారం వరండా నిండా జనం. పది నిమిషాలు ఎవరాగుతారులే అని పాత పద్ధతిలోనే కానిచ్చేశాడు. మర్నాడూ అంతే. నెలాఖరు కాగితంలో మాత్రం "అన్ని దూడలకూ ఇచ్చాం" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. నాలుగు నెలలు అదే మాట రాశాడు.

ఐదో నెలలో, పాలమ్ముకునే ఒకావిడ దూడను తోలుకొచ్చింది. డాక్టరమ్మ ముందు ఆయన చేసిన మొదటి దూడ కూడా ఆవిడదే. ఈయన నేరుగా ఇనుము వేడిచేయడం చూసి బెరుగ్గా అడిగింది.

"సూది వెయ్యరాండీ?"

"అక్కర్లేదమ్మా, చిటికెలో అయిపోతుంది."

"ఆ రోజు వేశారు కదండీ."

ఆయన ఇనుమును అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ గొంతు తగ్గించింది. "మా బోటివాళ్ల దూడలకి ఆ మందు రాదంటే చెప్పండి, ఏమీ అనుకోను. నేను గట్టిగా పట్టుకుంటాను."

అని దూడ మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టినా బాగుండేది. బీరువా తెరిచాడు. పెట్టె మీద దుమ్ము పట్టి ఉంది. తుడిచి, మందు తీసి సూది వేశాడు. ఆ తర్వాతి పది నిమిషాలూ ఆవిడ దూడతో ఏవో కబుర్లు చెబుతూ కూర్చుంటే, ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని భార్యకు అంతా చెప్పేశాడు.

"నాకు చెప్తే ఏమొస్తుందండీ? ఎవరికి అబద్ధం రాశారో వాళ్లకి చెప్పండి," అందామె.

మర్నాడే డాక్టరమ్మకు ఉత్తరం రాశాడు. మూడు వందల ఎనిమిది దూడలకు మందు ఇవ్వలేదని, ఇచ్చినట్టు రాశానని ఒప్పుకున్నాడు. జవాబులో కోపం లేదు. నిజం చెప్పినందుకు సంతోషమంటూనే, "మీ లెక్కలు చూపించి మిగతా ఆసుపత్రుల వాళ్లకు మిమ్మల్నే ఆదర్శంగా చెప్పాను. ఇప్పుడు వాళ్లకూ నిజం చెప్పాలి" అని రాసింది. ఆ వాక్యం చదివాక రెండు రోజులు ఆయనకు ఎవరికీ మొహం చూపించబుద్ధి కాలేదు. ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంది: "ఆగడం ఎందుకు కష్టమవుతోంది?"

దానికి జవాబు వెతుకుతుంటే ఉపాయం దొరికింది. వచ్చిన దూడలన్నిటికీ వరసగా ముందు సూదులు వేసేస్తే, ఆఖరి దానికి వేసేలోపు మొదటిదానికి మొద్దుబారుతుంది. వారం పాటు చేసి చూశాడు. రోజు మొత్తానికి పావుగంట కూడా అదనం కాలేదు.

ఇంత సులువైన పని ఇన్నాళ్లూ తట్టలేదేమని తోటి ఉద్యోగి ఆశ్చర్యపోయాడు.

"తట్టకపోవడం కాదు," అన్నాడాయన తల వంచుకుని. "నేను ఆలోచించనే లేదు."