దిండు గలీబు

నేను పాశమైలారంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. కుర్చీ, ఎద్దు, చెరువు లాంటి మాటలతో నాకు పేచీ లేదు. వినగానే పిల్లల కళ్ల ముందు ఆ వస్తువు వచ్చి నిలబడుతుంది. కంటికి కనిపించనివాటి పేర్లే తిప్పలు పెడతాయి. అందుకే ఒకరోజు నాలుగో తరగతి పిల్లలను కళ్లు మూసుకోమని, "భద్రత అంటే మీకేం కనిపిస్తోంది?" అని అడిగాను.

"పసుపు టోపీ టీచర్, మా నాయినది," అంది ఒక పిల్ల. ఇంకొకడు బూట్లన్నాడు. వెనక బెంచీలోంచి మరో పిల్ల, "మా బాపు డ్యూటీకెల్లి వచ్చినంక మా అమ్మ తలుపు గొళ్లెం పెడతది టీచర్, గదే," అంది. నిఘంటువు అర్థం చదివి వినిపించడానికి ఆ పూట నాకు మనసొప్పలేదు.

ఇంటికి నడుస్తూ అదే ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. నమ్మకం అంటే నాకేం కనిపిస్తుంది? బొమ్మేమీ రాలేదు. అట్టపెట్టెల వాసన వచ్చింది.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొదట రసాయనాలు మరిగించే రియాక్టర్ల దగ్గర ఉండేవాడు. మా సందులో ఫ్యాక్టరీ బట్టలు ఇంట్లోకి రావు. గడప బయటే బకెట్లో నానాలి. వాటిని నానబెట్టే ఆడవాళ్లకు, ఎవరి మొగుడు ఏ సెక్షన్లో ఉన్నాడో ముక్కే చెబుతుంది. రియాక్టర్ల చొక్కాది మురిగిన సీతాఫలం వాసన. పక్కింటాయన ఆ రియాక్టర్ల దగ్గరే చేతులు కాలి ఆసుపత్రి నుంచి వచ్చాక, అక్కడ మానేయమని మా ఆయనతో ఒకటే పోరు పెట్టుకున్నాను. కొన్నాళ్లకు, "ప్యాకింగ్ల ఏసిన్రు, ఇగ గుబులు పడకు," అన్నాడు. చొక్కా అట్టపెట్టెల వాసన వేసింది. నా గుండె కుదుటపడింది.

ఆ సాయంత్రం మాత్రం నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆ చొక్కాకు అట్టపెట్టెల వాసన ఒక్కటే ఉండేది. షిఫ్టంతా పనిచేసిన మనిషి చెమట ఏమైంది?

అప్పటి నుంచి అన్నం సహించలేదు. అతను నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. ఆదివారం పక్కబట్టలు తీస్తూ అతని దిండు గలీబు ముక్కుకు ఆనించుకున్నాను. మురిగిన సీతాఫలం. చొక్కా మార్చుకున్నాడు గానీ, జుట్టును ఎక్కడ దాస్తాడు?

గలీబు తీసుకెళ్లి అతని ముందు పడేశాను. "యాడ చేస్తున్నవ్ నువ్వు?"

"ప్యాకింగ్ల జాగ లేదన్నరు. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. ఒక అంగి ఆడనే అట్టడబ్బాల నడుమ పెట్టుకున్న, వచ్చేటప్పుడు తొడుక్కుంటున్న."

"నీకేమన్నయితే నాకెవరు చెప్తరు? ఆ అంగి చెప్తదా?" అని అరిచాను. కోపంతోనే ఏడ్చాను. నన్ను మోసం చేసినందుకు కాదు. అన్నాళ్లూ నేను హాయిగా నిద్రపోయినందుకు.

ఇప్పుడు అతను నిజంగానే ప్యాకింగ్‌లో ఉన్నాడు. గేటు దగ్గరికి వెళ్లి, అతని సూపర్‌వైజర్‌ని అడిగి మరీ తెలుసుకున్నాను. చొక్కాకు చెమట వాసన కూడా వస్తోంది. అయినా నమ్మకం అన్న మాట వింటే అట్టపెట్టెలు ఇక గుర్తుకు రావు. ఆ చోట ఏదీ వచ్చి కూర్చోవడం లేదు.

మొన్న ఆదివారం నేను బకెట్లో నీళ్లు పడుతుంటే, అతనే దిండు గలీబు విప్పి తెచ్చి ఇచ్చాడు.

"వాసన చూసినంకనే నానబెట్టు," అన్నాడు. నవ్వలేదు.

చూశాను. కొబ్బరినూనె వాసన. అతను అటు తిరగ్గానే మళ్లీ చూశాను.