మెంతులు పెట్టిన తల

2012 మేలో మా మనవరాలు, ఎండిపోయి రేగిపోయే తన జుట్టుకు ఏ హెయిర్ ప్యాక్ వేయించుకోవాలో తేల్చుకోలేక, శంషాబాద్ పార్లర్‌లో డబ్బాల మూతలు తీసి నాకు వాసన చూపించింది. ఒకదాంట్లో మెంతుల వాసన వచ్చింది.

1951 వేసవిలో, కొత్వాల్‌గూడలో, నాకు ఆరేళ్లు. నాదీ అలాంటి జుట్టే. నాయనమ్మ మెంతులు నానబెట్టి, మొలకలొచ్చాక రుబ్బి, ఆ ముద్ద నా తలకు దట్టంగా పట్టించింది. అది ఆరాక కడగడానికి నీళ్లచెంబు ఎత్తేసరికి నేను పరుగు తీశాను.

"ఏందే, ఎటు ఉరుకుతున్నవ్?"

"నీళ్లు పొయ్యకు నాయనమ్మా! నెత్తి మీద మెంతికూర మొలుస్తది!"

ఆమె నవ్వలేదు. "నీ బాపు పగిలిన గింజలు మడిల చల్లుతడా?"

"చల్లడు. మొలవయని కోళ్లకేస్తడు."

"మరి నేను రుబ్బే పెట్టిన గదనే. ఇగ రా."

ఇంకొకరైతే రెక్క పట్టుకుని నీళ్లు గుమ్మరించేవారు. ఆమె నన్ను రైతుబిడ్డగా ఎంచి జవాబు చెప్పిందని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం తల ఆరేదాకా ఎండలో నిలబడి తడుముకుంటూనే ఉన్నాను. చేతికి తగిలినవన్నీ మెత్తటి వెంట్రుకలే.